శౌరమ్మ దబ్బనం

మా హాల్లో పాడి వెళ్ళిన ప్రతివాళ్ళ గురించీ శౌరమ్మకి ఒక అభిప్రాయం ఉండేది. అడిగితే చెప్పేది. అడక్కపోతే తన కుర్చీలు తను కుట్టుకునేది. అడిగినవాళ్ళలో సగంమంది మళ్ళీ బెజవాడ రాలేదు.

హాలంటే పెద్దగా ఊహించుకోకండి. ఏలూరు కాలవ గట్టున మా లలితకళా సంఘంవాళ్ళ రేకుల షెడ్డు. అందులో మూడువందల పన్నెండు కుర్చీలు. చెక్క కుర్చీ, పైన కొబ్బరిపీచు మెత్త, దాని మీద ఎర్ర రెక్సిను. వాటిని చేసినవాడు కంకిపాడు నుంచి వచ్చిన వడ్రంగి ఇశ్రాయేలు. చేశాక వాటిని వదిలి వెళ్ళబుద్ధిగాక అక్కడే వాచ్‌మన్‌గా ఉండిపోయాడు. యాభై అయిదులో ఆయన టైఫాయిడ్‌తో పోతే, ఆయన ఉద్యోగాన్నీ ఆయన దబ్బనాన్నీ సంఘంవారు ఆయన భార్య శౌరమ్మకిచ్చారు. దబ్బనమంటే గోనె సంచులు కుట్టే సూది. జానెడు పొడుగుంటుంది.

దబ్బనం ఎందుకంటే, మా ఊరి కుర్రాళ్ళకి చేతిలో బ్లేడుంటే ఎర్ర రెక్సిను కనిపించకూడదు. సినిమాహాల్లో కోస్తే కొట్టేవాళ్ళుంటారు. మా హాల్లో శౌరమ్మ ఒక్కతే. ఆవిడ కొట్టేది కాదు, కుట్టేది.

ఆవిడ ఉద్యోగం ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపడం. ప్రోగ్రాం మొదలయ్యాక గేటుకి పనుండదు కాబట్టి, చిరిగిన కుర్చీ ఒకటి ముందేసుకుని స్టేజీకి కుడిపక్క ముక్కాలిపీట మీద కూర్చునేది. స్టేజీ లైటు ఏటవాలుగా పడేది అక్కడొక్కచోటే. అందువల్ల హాల్లో అందరికీ శౌరమ్మ కనిపించేది. పాడేవాళ్ళకి ఇంకా బాగా కనిపించేది. దబ్బనం గుచ్చడం, పురికొస బారెడు లాగడం, ముడి బిగించడం. మళ్ళీ గుచ్చడం.

యాభై ఎనిమిది దాకా దాన్నెవరూ పట్టించుకోలేదు. ఆ సంవత్సరం జాన్‌బాబు వచ్చాడు.

జాన్‌బాబు లోకోషెడ్డులో ఫిట్టరు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకాయన మోయలేక ఇచ్చేసిన గిటారొకటి ఆయన దగ్గరుండేది. షెడ్డులోనే ఇంకో ముగ్గుర్ని కూడేసి డెల్టా రాకర్స్ అని బోర్డు రాయించాడు. రాక్ అండ్ రోల్ అనే మాట మా జిల్లాలో మొదట పలికింది తనేనని ఆయనే చెప్పుకునేవాడు. కాదన్నవాళ్ళెవరూ లేరు, ఇంకెవరికీ ఆ మాట తెలియదు కాబట్టి. గొట్టం ప్యాంట్లు వేసేవాడు. శనివారం తొడిగిన ప్యాంటు సోమవారం షెడ్డుకెళ్ళి గ్రీజు పూసి లాగితేగాని వచ్చేది కాదని ఆయన భార్య మార్తే నాతో చెప్పింది.

మా హాలుకి వచ్చిన సాయంత్రం జాన్‌బాబు తన సొంత పాట పాడాడు. గూడ్సు బండి పాట. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మిగతాది ఇంజను చప్పుడు. బండి కృష్ణా బ్రిడ్జి ఎక్కేచోట గిటారు ఆపేసి, వట్టి గొంతుతో పైకి లేపాడు. సరిగ్గా అక్కడ శౌరమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆగి, పాట అయ్యేదాకా కదల్లేదు. తలెత్తి అటూ ఇటూ చూసింది. ముందు ఆడవాళ్ళు చూశారు, తర్వాత మగవాళ్ళు చూశారు. అప్పటి మా ఉపాధ్యక్షుడు, రైసుమిల్లు బసవపున్నయ్యగారు కుర్చీలోంచి లేచి, "శౌరమ్మ చెయ్యి ఆగిందయ్యా!" అన్నారు. అంతే. ఆ చప్పట్లకి రేకుల కింద కాపురముంటున్న పావురాలు లేచి తిన్నగా గన్నవరం ఎగిరిపోయి, విమానాలు పెద్దగా రాని రోజులు కాబట్టి రన్‌వే మీద స్థిరపడ్డాయి. నమ్మమని నేననను. ఆ పావురాల మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు.

ఆ రోజు నుంచి మా హాలుకి అదొక ఆచారమైపోయింది. ఎంత పెద్ద గాయకుడొచ్చినా జనం ఒక కన్ను స్టేజీ మీద, ఒక కన్ను దబ్బనం మీద వేసేవారు. చెయ్యి నెమ్మదిస్తే చప్పట్లు కొట్టేవారు. ఆగకపోతే కొంగులు, తువాళ్ళు సర్దుకునేవారు. ఈ సంగతి శౌరమ్మకి తెలియదు. ఆవిడ తల వంచుకుని కుట్టేది కాబట్టి జనం ఎటు చూస్తున్నారో గమనించలేదు. చెబితే చెయ్యి మారిపోతుందని బసవపున్నయ్యగారు ఎవర్నీ చెప్పనివ్వలేదు.

మద్రాసు నుంచి డెస్మండ్ అని ఒకాయన వచ్చాడు. పాతికేళ్ళు పెద్ద పెద్ద హోటళ్ళలో పాడిన మనిషి. సిల్కు చొక్కా, నున్నటి గొంతు. గంటన్నర పాడాడు, శౌరమ్మ కుర్చీన్నర కుట్టింది. స్టేజీ దిగి ఎలా ఉందని ఆవిణ్ణే అడిగాడు. నన్ను చిన్నప్పుడు అయిదో క్లాసు దాకా సిస్టర్ల కాన్వెంటులో వేయడం వల్ల సంఘానికి కార్యదర్శి పదవీ, ఇంగ్లీషు దొరలకి అర్థం చెప్పే పనీ నా నెత్తిన పడ్డాయి.

"తినేవాళ్ళకి అడ్డం రాకుండా పాడటం అలవాటైందండీ ఆయనకి," అంది శౌరమ్మ. "ఇక్కడ ఎవరూ తినట్లేదని చెప్పండి."

నేను చాలా బాగుందంటోందని చెప్పాను. ఆయన ఆవిడ మొహం చూసి, నా మొహం చూసి, మర్నాడు పొద్దున్న వెళ్ళాల్సినవాడు ఆ సాయంత్రమే రైలెక్కాడు.

బొంబాయి నుంచి ఒక బీట్ గ్రూపు వచ్చింది. బాయ్స్ అని పేరు పెట్టుకున్నారుగాని అందులో చిన్నవాడికే నలభై దాటాయి. ఒకాయనకి తప్ప అందరికీ జుట్టు భుజాల దాకా. మూడో పాటలో కరెంటు పోయింది. కరెంటు గిటార్లు మూగబోతే, వాళ్ళలో బట్టతలాయన ఒక్కడూ చీకట్లో గొంతెత్తి ఏదో జోలపాటలాంటిది పాడాడు. "కరెంటు పోయాక బాగా పాడారు," అంది శౌరమ్మ. "మళ్ళీ వచ్చి చెడగొట్టింది."

కలకత్తా నుంచి మిస్ లోరెట్టా వచ్చింది. అరవై దాటాయి. మోచేతుల దాకా నల్ల తొడుగులు, కాళ్ళ నొప్పి వల్ల కుర్చీలో కూర్చునే పాడింది.

"ఏమంటోందండీ?" అని అడిగింది శౌరమ్మ, దారం లాగుతూ.

"బేబీ, రా, అంటోంది," అన్నాను.

తర్వాతి పాటలోనూ అడిగింది. అందులోనూ అదే. మూడో పాటలోనూ అదే.

"మూడు పాటల్నుంచి పిలుస్తుంటే రాలేదంటే ఆ పిల్ల ఎటో తప్పిపోయింది సెక్రెటరీగారూ. స్టేషన్లో చెప్పారా?"

చెప్పామనే అన్నాను. పోలీసులు హనుమాన్ జంక్షన్ దాకా వెతుకుతున్నారని కూడా అన్నాను. తర్వాత చాలాకాలం ఆ పిల్ల దొరికిందా అని అడుగుతుండేది. దొరికింది, గుడివాడలో పెళ్ళి కూడా అయిందని చెప్పాక మనశ్శాంతి పొందింది.

అయితే ఆ రోజు దబ్బనం పాటకి రెండు కుట్ల కన్నా ఎక్కువ పడలేదు. మిస్ లోరెట్టా అడిగితే శౌరమ్మ ఇలా చెప్పింది: "గొంతు పోయిందమ్మా నీకు. పోయిందని నీకు తెలుసు. తెలిసి దాంతోనే పాడావు. అందుకని వినబుద్ధేసింది." దీన్ని మాత్రం నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ శౌరమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, కుడిచేతి తొడుగు తీసి ఇచ్చి వెళ్ళింది. దబ్బనం గుచ్చుకోకుండా అది బాగా పనికొచ్చిందని శౌరమ్మ దాన్ని రోజూ వేసుకునేది. ఒక చేతికి మోచెయ్యి దాకా నల్ల తొడుగు, రెండో చేతికి మట్టిగాజులు.

ఈలోగా జాన్‌బాబు పాతబడ్డాడు. సినిమాపాటల ఆర్కెస్ట్రాలు వచ్చాయి. డెల్టా రాకర్స్‌లో ఒకాయన ఖాజీపేటకి బదిలీ అయ్యాడు, ఒకాయన పాస్టరయ్యాడు, డ్రమ్ములాయనకి ఆ చప్పుడుకే చెవుడొచ్చింది. జాన్‌బాబు ఒక్కడే పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ కూటాల్లో పాడుతుండేవాడు. ఎక్కడ పాడినా ముందు ఒక మాట చెప్పేవాడు: "యాభై ఎనిమిదిలో శౌరమ్మ దబ్బనం ఆపినవాణ్ణి నేను." అది నిజం. ఆ తర్వాత పూర్తిగా ఆపినవాళ్ళు ఇంకొకరు లేరు.

డెబ్భై అయిదు దసరాకి హనుమాన్ జంక్షన్‌లో లారీవాళ్ళ ఆయుధపూజకి పాడటానికి వెళ్ళాడు. బ్రిడ్జి ఎక్కేచోట గొంతు పైకి లేపబోతే చీలిపోయింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ చీలింది. మూడోసారికి లారీ డ్రైవర్లు జాలిపడి, ఆయన అందుకోలేని స్వరాన్ని హారన్లతో అందుకున్నారు. ముప్ఫై లారీలు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చి మూడు రోజులు జాన్‌బాబు గిటారు సంచిలోంచి తీయలేదు.

డెబ్భై ఆరులో మా సంఘానికి పాతికేళ్ళు నిండాయి. అవి ఎమర్జెన్సీ రోజులు. నోటికొచ్చింది మాట్లాడకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు, శౌరమ్మకి తప్ప. అప్పటికి అధ్యక్షులైన బసవపున్నయ్యగారు, రజతోత్సవానికి జాన్‌బాబు పాడాల్సిందేనన్నారు. ఆ మాట చెప్పడానికి నేను రైల్వే క్వార్టర్స్‌కి వెళ్ళాను.

జాన్‌బాబు మాట్లాడేలోపల మార్త వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు నర్సు. డాక్టర్లు కూడా ఆవిడ వేళ్ళు చూసి తమ వేళ్ళు కడుక్కునేవారు.

"వద్దు సెక్రెటరీగారూ," అంది. "జంక్షన్లో నేనూ ఉన్నాను. జనం ఈయన్ని చూసి నవ్వడం ఒకసారి చూశాను, చాలు."

"శౌరమ్మక్క నవ్వదు మార్తా," అన్నాడు జాన్‌బాబు. "ఆవిడకి నా పాట తెలుసు."

మార్త ఆయన వైపు తిరిగింది. "సరే. ఇదే ఆఖరు మాట. ఆవిడ దబ్బనం ఆగిందా, జన్మలో నేను నోరెత్తను, ఎక్కడ పాడుకుంటారో పాడుకోండి. ఆగలేదా, గిటారు సండే స్కూలుకిచ్చేస్తాం. మళ్ళీ మీరు తీగె ముట్టుకోరు. సెక్రెటరీగారూ, మీరు సాక్షి."

"ఒప్పుకున్నాను," అన్నాడు జాన్‌బాబు, ఏమాత్రం ఆలోచించకుండా. యాభై ఎనిమిదిలో ఆగిన చెయ్యి ఇప్పుడెందుకాగదని ఆయన ధైర్యం.

రజతోత్సవం రోజు పొద్దున్నే హాలుకొచ్చాడు. చేతిలో బందరు లడ్డూల పొట్లం, పురికొసతో గట్టిగా కట్టింది. నేను బ్యానరు కట్టిస్తున్నాను. శౌరమ్మ కుర్చీలు లెక్కపెడుతోంది. పది చిరిగినవి ఉన్నాయి.

"అక్కా, ఇవి నీకే," అని పొట్లం అందించాడు.

"పాట విన్నాక తింటాలే. ముందే తింటే నోరు తీపవుద్ది, ఏమన్నా అడిగితే ఉన్నమాట రాదు."

"అది కాదక్కా, ఒక్క సంగతి చెప్పు. యాభై ఎనిమిదిలో నీ చెయ్యాగింది చూడూ, ఏ మాట దగ్గర ఆగింది? బండి బ్రిడ్జి ఎక్కింది అన్నచోటా, కింద నీళ్ళు అన్నచోటా?"

"ఏ రోజది?"

"గూడ్సు బండి పాట పాడలా? బసవపున్నయ్యగారు లేచి అరవలా?"

"ఓ, ఆ రోజా," అంది శౌరమ్మ. "పురికొస అయిపోయింది."

జాన్‌బాబు నవ్వాడు. శౌరమ్మ నవ్వలేదు. ఆయన నవ్వు ఆపేశాడు.

"పాటంతా అయ్యేదాకా కదల్లేదు గదా నువ్వు?"

"పురికొస లేందే ఏం కదులుతాను? ఎవరన్నా తెచ్చిస్తారేమోనని అటూ ఇటూ చూశాను. అందరూ చప్పట్లు కొడతన్నారు. ఒక్కడు తేలా."

"మరి పద్దెనిమిదేళ్ళు చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

జాన్‌బాబు పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. అది కుట్టని కుర్చీ. నడుం దాకా దిగిపోయాడు. నేనూ బ్యానరు కట్టే మనిషీ చెరో చెయ్యి పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది.

"పాటన్నా ఎలా ఉందక్కా అప్పుడు?" అన్నాడు, మేము లాగుతుండగానే.

"వినలేదబ్బాయా. పురికొస సంగతే ఆలోచిస్తన్నాను."

ఇక దాచి లాభం లేదని జాన్‌బాబు అన్నీ చెప్పేశాడు. జనం ఆవిడ చెయ్యి చూసి చప్పట్లు కొడతారనీ, మార్త పెట్టిన షరతూ, సండే స్కూలూ, గిటారూ అన్నీ. శౌరమ్మ అంతా విని, "నా చెయ్యి చూసా? మరి చెవులెందుకు పెట్టుకుని వస్తన్నారు?" అంది.

"ఈ ఒక్కసారికి ఆపక్కా. మూడో పాటలో. నీకేం పోద్ది?"

"ఆపితే అబద్ధమాడినట్టే గదా. శనివారం ఫాదరుగారి దగ్గర మోకాళ్ళేసి ఆ పాపం చెప్పుకోవాల్సింది నేను. మీకేం నాయనా, మీ చర్చిలో ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు."

జాన్‌బాబు లడ్డూలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వీపు చూశాక నాకొక ఆలోచన వచ్చింది. శౌరమ్మ అబద్ధం ఆడదు. పురికొసకి ఆ పట్టింపు లేదు. ఆవిడ కడవ తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళగానే పురికొస ఉండ తీసి కొలిచాను. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను గదా, పాటకి రెండు బారలు పడుతుంది. గూడ్సు బండి మూడో పాట. బ్రిడ్జి సగంలో వస్తుంది. అయిదు బారలుంచి మిగతాది కత్తిరించి జేబులో వేసుకున్నాను. కాన్వెంటులో నేర్చుకున్న లెక్కలు నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే. పనికొచ్చిందని అప్పుడు అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి హాలు నిండిపోయింది. మార్త ముందు వరసలో కూర్చుంది, ఒళ్ళో ఆ లడ్డూల పొట్లం పెట్టుకుని. శౌరమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని నల్ల తొడుగు వేసుకుంది. మూడువందల మందీ ఆవిడ వైపు తిరిగారు. యాభై ఎనిమిది తర్వాత మొదటిసారిగా శౌరమ్మ కూడా తలెత్తి వాళ్ళను చూసింది. చూసి, తల అడ్డంగా ఊపి, పనిలో పడింది.

నా లెక్కలో తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో సన్మానం పాటకి ముందే చేస్తారు, తర్వాతైతే జనం ఉండరని. నేను పాటలు లెక్కేశానుగాని బసవపున్నయ్యగారి ఉపన్యాసం లెక్కెయ్యలేదు.

ఆయన జాన్‌బాబుకి శాలువా కప్పి, మైకు పట్టుకుని, సంఘం పుట్టుక దగ్గర మొదలుపెట్టారు. శౌరమ్మ కుట్టింది. ఆయన రేకులు ఎవరు దానం చేశారో చెప్పారు. శౌరమ్మ కుట్టింది. అయిదు బారలూ ఒక్కొక్కటే రెక్సినులోకి దిగిపోయాయి. ఆయన తన రైసుమిల్లుకి కొత్త మరలు వచ్చిన సంగతి చెబుతుండగా శౌరమ్మ చెయ్యి ఆగిపోయింది.

ముందు ఆడవాళ్ళు చూశారు. తర్వాత పద్దెనిమిదేళ్ళలో వినని చప్పట్లు. బసవపున్నయ్యగారు తిరిగి చూశారు. ఆగిన దబ్బనం చూశారు. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, "నా జన్మ ధన్యమైంది," అన్నారు మైకులోనే.

శౌరమ్మ లేచి నిలబడింది.

"పురికొస అయిపోయిందండీ," అంది. చప్పట్లు వినిపించనివ్వకపోతే మళ్ళీ అంది. "పురికొస అయిపోయిందండీ! చెయ్యాగింది అందుకే. యాభై ఎనిమిదిలో కూడా అంతే. నా చేతిని చూడమాకండి ఎవరూ. మిల్లు సంగతి నేను వినలేదు."

కూర్చుంది. బసవపున్నయ్యగారు కళ్ళద్దాలు పెట్టుకుని, ఉపన్యాసం ముగించకుండానే దిగి వచ్చారు. ఆయన జీవితంలో అలా జరగడం అదొక్కటే.

జాన్‌బాబు స్టేజీ మీద ఒక్కడే మిగిలాడు. శాలువా తీసి కుర్చీ మీద వేసి గిటారు తగిలించుకున్నాడు. జనం అలవాటుకొద్దీ కుడివైపు చూశారు. శౌరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూడటానికి ఏమీ లేకపోయేసరికి మూడువందల మందికీ వినక తప్పలేదు.

మొదటి పాటలో గొంతు బొంగురుపోయింది. రెండోది ఎవరో దొర పాట, దాంట్లో పైకి వెళ్ళబోయి దగ్గాడు. వెనక వరసలో ఒకడు నవ్వాడు. మార్త పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

మూడోది గూడ్సు బండి. ఇంజను చప్పుడు చేశాడు. బండి స్టేషను దాటింది, సీతానగరం కొండ కనిపించింది, బ్రిడ్జి ఎక్కేచోటికి వచ్చింది. గిటారు ఆపేశాడు. హాలంతా ఆ పై స్వరం కోసం ఊపిరి బిగబట్టింది. జాన్‌బాబు దాని జోలికి వెళ్ళలేదు. గొంతు దించేశాడు. దించి, ఒక్కొక్క మాటే, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు, ఒక్కొక్క పెట్టే బ్రిడ్జి మీదికి వస్తున్నట్టు పాడాడు. చాలా పెట్టెలున్న బండి. ఆఖరున గార్డు పెట్టె దీపం దాటిపోయేదాకా పాడి ఆపాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎప్పుడు కొట్టాలో చెప్పే చెయ్యి లేదు మరి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

జాన్‌బాబు మైకు దగ్గరికి వంగాడు. "శౌరమ్మక్కా. ఈసారన్నా విన్నావా?"

"విన్నాను. పనేముంది గనక."

"ఎలా ఉంది?"

"మొదటిది బాలేదు. రెండోది నీది కాదు, పెద్ద గొంతున్నవాడిది, వాడికిచ్చేయి."

"మూడోది?"

"జంక్షన్లో ఈ బండిని పరిగెత్తించావంట. గూడ్సు బండి ఎక్కడన్నా పరిగెత్తుద్దా? ఇయ్యాళ గూడ్సు బండిలాగే పోయింది. మా ఇంటి పక్క రైలుగేటు దగ్గర నిలబడి చూసినట్టే ఉంది."

"అంటే బాగుందా?"

"గొంతు పోయింది. అది బాగుందని నేననను."

"అయితే ఆపెయ్యనా అక్కా?" అన్నాడు జాన్‌బాబు. అడిగింది శౌరమ్మనేగాని చూసింది మార్త వైపు.

"ఆపడమేంటి?" అంది శౌరమ్మ. "ఇంకా తొమ్మిది కుర్చీలున్నయ్యి. వట్టి హాల్లో ఒక్కదాన్నీ కూర్చుని కుట్టుకోమంటావా? పాడుతుంటే పని సాగుద్ది. ఎవరన్నా పురికొస ఇప్పించండయ్యా, ఇదివరకులా చప్పట్లు కొట్టక."

నా చెయ్యి జేబులోనే ఉంది. పురికొస ఉండ చేతికి తగులుతోంది. బయటికి తీస్తే ఎక్కడిదని అడుగుతారు. తీయలేదు.

ముందు వరసలో మార్త లేచింది. ఒళ్ళోని పొట్లానికున్న ముడి గోటితో రెండు సెకండ్లలో విప్పింది. అంత వేగంగా ముడి విప్పేది ఆపరేషన్ థియేటర్లోనే నేర్పుతారు. పురికొస తీసుకుని ముక్కాలిపీట దగ్గరికి నడిచింది.

"ఇది సరిపోతుందా?"

"అరకుర్చీకి వస్తది."

"తొమ్మిదేనా ఉన్నవి?"

"తొమ్మిదే."

మార్త స్టేజీ మీదున్న భర్త వైపు తిరిగింది. "తొమ్మిది కుర్చీలు," అంది. "అవి అయ్యేదాకా. ఒక్కటి కూడా ఎక్కువ కాదు. సెక్రెటరీగారూ, మీరు సాక్షి."

అని, పొట్లం విప్పి శౌరమ్మకి ఒక లడ్డూ ఇచ్చి, తను పక్కనే నేల మీద కూర్చుని, రెక్సిను చిరుగు రెండు అంచులూ దగ్గరికి పట్టుకుంది. జాన్‌బాబు ఇంకో పాట అందుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, గుళ్ళు వదిలాక, నాలుగింటికి జాన్‌బాబు ఖాళీ హాలుకొచ్చి పాడేవాడు. శౌరమ్మ కుట్టేది. వారానికో కుర్చీ. మొదట్లో వినడానికి మేం నలుగురమే ఉండేవాళ్ళం. తర్వాత కాలవ గట్టు మీద పడవవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ పెళ్ళాలు వచ్చేవారు. బసవపున్నయ్యగారు కూడా వచ్చి, మాట్లాడకుండా కూర్చునేవారు.

తొమ్మిదో ఆదివారం తొమ్మిదో కుర్చీ అయిపోయింది. జాన్‌బాబు గిటారు సంచిలో పెడుతున్నాడు. శౌరమ్మ అలవాటు ప్రకారం కుర్చీలన్నీ ఒకసారి చూసుకుని వచ్చింది.

"ఇంకా ఆరున్నయ్యి," అంది.

వెళ్ళి చూశాం. నిజమే, ఆరు కొత్త చిరుగులు. శౌరమ్మ ఒకదాని మీద వేలు పెట్టి రాసింది. "కుర్రాళ్ళు కోస్తే వంకరగా ఉంటది. ఇవి చూడండి, కడుపు కోసినట్టు తిన్నగా ఉన్నయ్యి. కుట్టడానికి హాయి."

జాన్‌బాబు నా వైపు చూశాడు. నేను జాన్‌బాబు వైపు చూశాను. ఫిట్టరు చెయ్యి కూడా తిన్నగానే ఉంటుంది కాబట్టి నాకు ఆయన మీదే అనుమానం. ఆయనకి నా మీద. మార్త కిటికీలోంచి కాలవ చూస్తోంది.

ఆ వారం క్వార్టర్స్ మలుపులో రత్తయ్య కొట్టుకి దేనికో వెళ్ళాను. మాటల్లో అతను, "మార్తమ్మగారు ఈ మధ్య వారానికో బ్లేడు పాకెట్టు తీసుకెళ్తున్నారండి," అన్నాడు. జాన్‌బాబు గడ్డం పెంచడం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలైంది.

సంఘం కోసం పెద్ద పురికొస ఉండలు రెండు తీసుకుని ఇంటికి వచ్చాను.